హార్మోనియం పెట్టెకు తగిన మైకుసెట్టు ఏది?

చందాలతో కొనే భజన మండళ్లు ముందుగా చూసుకోవలసిన విషయాలు

మల్లాపూర్ : శనివారం పొద్దుగూకితే చాలు, జగిత్యాల జిల్లా మల్లాపూర్ పరిసర పల్లెల్లో హనుమాన్ గుడి ముందు చాపలు పరుచుకుంటాయి. నడుమ హార్మోనియం పెట్టె, పక్కన ఢోలక్, చుట్టూ తాళాలు, చిరుతలు పట్టిన పది పన్నెండు మంది. పాట ఎత్తుకున్న కాసేపటికి వెనుక వరుస నుంచి "జర మైకు పెంచుండ్రి" అని ఒక కేక. పెంచగానే 'కుయ్' మని కూత. తగ్గిస్తే పెట్టె వినపడదు. పెట్టె వినపడకపోతే పాడేవాడికి శ్రుతి అందదు. శ్రుతి అందనివాడు గొంతు పెంచుతాడు. నాలుగో పాటకు గొంతు బొంగురుపోతుంది.

ఈ బాధ పడలేకనే ఏదో ఒక పండుగ ముందు "మనకూ ఒక కొత్త సెట్టు కొందాం" అన్న మాట పుడుతుంది. వరి, మక్క, పసుపు అమ్మిన డబ్బు చేతికి వచ్చినప్పుడు తలా కొంత వేసుకుంటారు. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవారు మరికొంత కలుపుతారు. ఇట్లా కూడిన సొమ్ము ఒకసారి ఖర్చయితే మళ్లీ కూడడానికి ఏళ్లు పడుతుంది. మెట్‌పల్లికో, కోరుట్లకో, జగిత్యాలకో బస్సెక్కేముందే తమకు ఏమి కావాలో మండలి వారు తేల్చుకోవడం మంచిది. మోత ఎక్కువ వచ్చే సెట్టు వేరు, మండలికి పనికివచ్చే సెట్టు వేరు. మండలికి కావలసింది పెట్టె, గొంతు రెండూ సమంగా వినిపించి, పాడేవాడు అరవకుండా పాడుకోగలిగే సెట్టు.

గాలి, రేకు

హార్మోనియంలో మోగే తీగలు లేవు, మోగే తోలు లేదు. పెట్టె లోపల వరుసగా ఇత్తడి రేకులు వుంటాయి. వీటినే రీడ్లు అంటారు. ఒక చేత్తో తిత్తి వూదితే గాలి లోపల నిండుతుంది. మెట్టు నొక్కితే ఆ గాలి దాని రేకు మీదుగా బయటికి దూసుకుపోతుంది. రేకు అదురుతుంది. ఆ అదురే స్వరం. పొడుగు రేకు మంద్ర స్వరం, పొట్టి రేకు తార స్వరం పలుకుతుంది.

పిల్లలు నోటితో వూదే మౌత్ ఆర్గాన్‌లోనూ వున్నది ఇదే రేకు. అక్కడ తిత్తికి బదులు మనిషి వూపిరి. 1840ల తొలినాళ్లలో పారిస్‌లో అలెగ్జాండర్ డెబెన్ కాలితో తొక్కే హార్మోనియం తయారు చేశాడు. నేల మీద కూర్చుని వాయించేవారికి వీలుగా దానిని చేతితో వూదే పెట్టెగా మార్చినది కలకత్తాకు చెందిన ద్వారకానాథ్ ఘోష్. అది 1875 ప్రాంతపు మాట. మౌత్ ఆర్గాన్‌కు పేరుపడిన హోనర్ సంస్థ 1857లో జర్మనీలోని ట్రోసింగెన్‌లో మొదలయింది.

రెండూ గాలి వాయిద్యాలే కనుక రెండింటికీ మైకు దగ్గర వచ్చే చిక్కు కూడా ఒకటే. స్వరంతో పాటు గాలి మోత కూడా మైకులో పడుతుంది. మైకుసెట్టు ఎంపికలోను, వాడకంలోను ఈ సంగతి మరువరాదు.

మైకు లేని రోజులలో

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటక సమాజం మొదలు మన పల్లెల చిరుతల రామాయణం దాకా, తొలిరోజులలో ఆటలన్నీ మైకు లేకుండానే సాగాయి. వందలాది మందికి పద్యం వినిపించాలంటే నటుడు పై శ్రుతిలోనే పాడాలి. ఆ గొంతుకు తోడుగా నిలబడగలిగిన వాయిద్యం హార్మోనియం. ఆరుబయట కూడా దాని రేకుల మోత దూరం పోతుంది. రేడియో వారు 1940లో హార్మోనియాన్ని తమ కార్యక్రమాల నుంచి నిషేధించినా, ఆ నిషేధం 1971 దాకా సాగినా, పల్లె గద్దె మీద పెట్టె స్థానం చెదరకపోవడానికి ఇదొక కారణం.

ఆ కాలంలో గట్టి గొంతు గలవాడే రాముడు, గట్టి గొంతు గలవాడే రావణుడు. మెత్తని గొంతు గలవాడికి వంత పాటే దక్కేది. మైకు వచ్చాక ఈ ఇబ్బంది తొలగాలి. అరవై ఏళ్లు దాటిన భజన గురువు తన గొంతుకు నప్పిన కింది శ్రుతిలో హాయిగా పాడుకోగలగాలి. ఆడవారు, పిల్లలు కూడా ముందు వరుసలో కూర్చుని పాట ఎత్తుకోగలగాలి. మైకుసెట్టు వల్ల మండలికి కలిగే అసలు మేలు ఇది. పై శ్రుతిలో అరవడం మానకుండా దానికి వేల వాట్లు తోడు చేస్తే గొంతులూ పోతాయి, చెవులూ పోతాయి.

వాట్ల లెక్క

కొనేవారు మొదట అడిగే ప్రశ్న "ఎన్ని వాట్లు?" అని. దుకాణంలోనూ పెద్ద అంకెలే చూపిస్తారు. ఇక్కడే చాలామంది పొరబడతారు.

50 వాట్ల సెట్టు బదులు 100 వాట్ల సెట్టు కొంటే మోత రెండింతలు కాదు. పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. డెసిబెల్ అంటే శబ్దాన్ని కొలిచే కొలత. 3 డెసిబెల్స్ తేడా చెవికి 'కొంచెం పెరిగింది' అన్నంతే తెలుస్తుంది. రెండింతలు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి. అందుకు పదింతల వాట్లు కావాలి.

వాట్ల కన్నా స్పీకరు గుణం ముఖ్యం. ఒక వాటు కరెంటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ పలుకుతుందో మంచి స్పీకర్ల కాగితం మీద రాసి వుంటుంది. 90 పలికే స్పీకరు తీసేసి 96 పలికే స్పీకరు పెడితే, ఆంప్లిఫైయర్‌ను నాలుగింతలు పెంచినంత ఫలితం వస్తుంది.

గుడి ముందు వాకిలి లెక్క చూద్దాం. ఆరుబయట దూరం రెండింతలైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 92 పలికే స్పీకరుకు 16 వాట్లు ఇస్తే మీటరు దూరంలో 104. రెండు మీటర్ల దగ్గర 98, నాలుగు దగ్గర 92, ఎనిమిది దగ్గర 86, పదహారు మీటర్ల దగ్గర 80. మీటరు దూరంలో మామూలుగా మాట్లాడుకునే మాట సుమారు 60. అంటే వాకిలి చివరన కూర్చున్న వారికి సైతం 16 వాట్లతోనే పాట బాగా వినిపిస్తుందన్నమాట. ఢోలక్ దరువు ఒక్కసారిగా ఎగిరే చోట గొంతు చీలిపోకుండా కొంత వెసులుబాటు వుండాలి. ఆ వెసులుబాటు కూడా కలుపుకుంటే 60 నుంచి 100 వాట్ల సెట్టు చిన్న భజనకు, కథకు సరిపోతుంది.

అయితే ఆ అంకె ఆర్.ఎమ్.ఎస్. వాట్లలో వుండాలి. సెట్టు నిలకడగా ఇవ్వగలిగే శక్తికి అది కొలత. కొన్ని చవక సెట్ల మీద పి.ఎమ్.పి.ఓ. అని రాసి వేల వాట్లు చూపుతారు. ఆ అంకెకు నిలకడ శక్తితో పొంతన వుండదు. 'ఆర్.ఎమ్.ఎస్. ఎంత?' అని అడిగి రాయించుకోవాలి.

గొట్టమా, బాక్సా?

గుడి శిఖరం మీద, చెట్టు కొమ్మన కట్టే గొట్టం స్పీకరు తక్కువ కరెంటుతో చాలా దూరం పలుకుతుంది. ఊరంతటికీ దండోరా వేయడానికి, జాతరలో తప్పిపోయిన పిల్లల సంగతి చెప్పడానికి అది మేలు. కాని చిన్న గొట్టంలో మంద్ర స్వరాలు పలకవు. పెట్టెలోని ఎడమవైపు మెట్లు, ఢోలక్ 'ధుమ్' శబ్దం అందులో మాయమై, మిగిలినది ముక్కుతో పలికినట్లు వస్తుంది. భజనకు, చిరుతల రామాయణానికి చెక్క బాక్సు స్పీకర్లు గాని, నిలువుగా వుండే కాలమ్ స్పీకర్లు గాని కావాలి. పాడేవారి గొంతు, పెట్టె స్వరం ఉన్నవున్నట్లు వినిపిస్తాయి.

బాక్సులు కలిపేటప్పుడు ఓముల లెక్క చూసుకోవాలి. 8 ఓముల బాక్సులు రెండింటిని పక్కపక్కన కలిపితే ఆంప్లిఫైయర్‌కు అది 4 ఓములు. 4 ఓములకు తట్టుకునే సెట్టు అయితేనే కలపాలి. లెక్క చూడకుండా మూడోది, నాలుగోది తగిలిస్తే సెట్టు వేడెక్కి కాలిపోతుంది. చాలా దూరం తీగలు లాగవలసి వస్తే 100 వోల్టుల లైను పద్ధతి వేరే వుంది. దానికి ట్రాన్స్‌ఫార్మర్ వున్న స్పీకర్లే తగిలించాలి.

ఆంప్లిఫైయర్ మీద ఎన్ని మైకులు తగిలించవచ్చో, ప్రతి మైకుకు వేరే బిరడా వుందో లేదో చూడాలి. అన్ని మైకులకు కలిపి ఒకే బిరడా వుంటే మండలికి పనికిరాదు. పాడేవాడికి ఒకటి, వంత పాటకు ఒకటి, పెట్టెకు ఒకటి, అవసరమైతే ఢోలక్‌కు ఒకటి, మొత్తం నాలుగు చాలు. 1940 నాటి నుంచి వున్న అహుజా వంటి దేశీయ సంస్థలు ఇటువంటి సెట్లు చేస్తున్నాయి. ఏ కంపెనీదైనా సరే, రిపేరు చేసే మెకానిక్కు, విడిభాగాలు దగ్గరి పట్టణంలో దొరుకుతాయా అన్నది ముందు తెలుసుకోవాలి.

పెట్టెకు మైకు ఎక్కడ?

మంచి సెట్టు కొన్నా పెట్టె వినపడకపోవడానికి కారణం తరచుగా మైకు పెట్టిన చోటే. పాడేవాడి నోటి ముందున్న మైకులోనే పెట్టె కూడా వినిపించాలని అనుకుంటారు. అది కుదరదు.

హార్మోనియం స్వరం ఎక్కువగా పైమూత కన్నాల నుంచి వస్తుంది. పొట్టి స్టాండు మీద మైకును మెట్ల మధ్యభాగానికి ఎదురుగా, పైమూతకు జానెడు నుంచి మూరెడు ఎత్తున వంచి పెట్టాలి. తిత్తి వైపు పెట్టరాదు. అక్కడ గాలి మోత, చెక్క కదలిక చప్పుడు పడతాయి. మరీ మెట్లకు ఆనించినా 'టకటక' వినిపిస్తుంది. పెట్టె వాయించేవారు, పాడేవారు ఒకరే అయితే రెండు మైకులు తప్పవు.

డైనమిక్ రకం మైకులు మండళ్లకు అనువైనవి. వాటికి విడిగా కరెంటు అక్కరలేదు. దుమ్ము, చెమట, చేయిజారి పడటం ఓర్చుకుంటాయి. కండెన్సర్ మైకు సన్నని స్వరాన్ని కూడా పట్టుకుంటుంది కాని దానికి సెట్టు నుంచి కరెంటు అందాలి. చుట్టుపక్కల చప్పుళ్లనూ అది అంతే బాగా పట్టుకుంటుంది.

కూత ఎందుకు పెడుతుంది?

మైకులో పడిన శబ్దం స్పీకరు నుంచి వస్తుంది. ఆ వచ్చినది తిరిగి మైకులో పడుతుంది. పెరిగి మళ్లీ స్పీకరులోకి పోతుంది. ఈ తిరుగుడే కూత. సెట్టు చెడిపోయినందువల్ల కాదు.

దీనికి మందు సులువు. స్పీకర్లు మండలి వెనుక గాక ముందుండాలి. వాటి ముఖం జనం వైపు, మైకుల వీపు స్పీకర్ల వైపు వుండాలి. బిరడా తిప్పేముందు మైకును నోటికి దగ్గర చేయాలి. మూరెడు దూరాన వున్న మైకును అర మూరకు తెస్తే 6 డెసిబెల్స్ ఉచితంగా కలిసివస్తాయి. వాడని మైకు ఆపాలి. తెరిచి వున్న మైకుల సంఖ్య రెండింతలైతే కూత పెట్టకుండా పెంచగల హద్దు 3 డెసిబెల్స్ తగ్గిపోతుంది. చిరుతల ఆటలో పాత్రలు గుండ్రంగా తిరుగుతాయి కనుక పందిరి నడుమ మైకు వేలాడదీస్తారు. అక్కడ దూరం ఎక్కువ, కూత తొందరగా వస్తుంది. వేలాడే మైకును తక్కువలో వుంచి, పెట్టె దగ్గర కూర్చున్న గురువు మైకును ఎక్కువలో వుంచడం మేలు.

మౌత్ ఆర్గాన్ వాయించేవారికి

మౌత్ ఆర్గాన్ నేర్చే కుర్రవాళ్లకు ఇదే సెట్టు సరిపోతుంది. 1964లో వచ్చిన హిందీ చిత్రం 'దోస్తీ'లో వినిపించే మౌత్ ఆర్గాన్ ఆర్.డి. బర్మన్ వాయించినది. అటువంటి స్వచ్ఛమైన నాదం కావాలంటే మైకుకు జానెడు దూరంలో, కొంచెం పక్కకు తిరిగి వూదాలి. అప్పుడు వూపిరి మోత పడదు.

మరో పద్ధతి అమెరికాలోని చికాగో వాద్యకారులది. మైకును, వాయిద్యాన్ని రెండు దోసిళ్ల నడుమ మూసిపట్టి వూదుతారు. లిటిల్ వాల్టర్ అనే కళాకారుడు 1952లో 'జూక్' అనే రికార్డుతో ఈ నాదానికి పేరు తెచ్చాడు. అక్కడ చిన్న ఆంప్లిఫైయర్ గరగరలాడటమే అందం. ఆ నాదానికి అక్కడ వేరుగా ఆంప్లిఫైయర్లు కూడా తయారవుతాయి. మన భజనకు ఆ గరగర నప్పదు. ఈ రెండో పద్ధతి కోసం ప్రత్యేకంగా డబ్బు పెట్టనక్కరలేదు. ఇంటి దగ్గర 10 వాట్ల చిన్న సెట్టు చాలు.

ఇంటి దగ్గర సాధనకు

ఇంటి గదిలో హార్మోనియానికి మైకు అవసరమే లేదు. పెట్టె తనంత తానే గది నిండా పలుకుతుంది. సాధన చేసేవారికి సెట్టు కన్నా చేతిలోని ఫోనులో పాట రికార్డు చేసుకుని వినడం ఎక్కువ మేలు చేస్తుంది. శ్రుతి ఎక్కడ జారిందో అప్పుడు తెలుస్తుంది.

బ్యాటరీతో నడిచి, చక్రాల మీద లాక్కుపోయే స్పీకర్లు ఇప్పుడు వస్తున్నాయి. పది ఇరవై మంది కూర్చున్న చోట ఇవి పనిచేస్తాయి. అయితే వీటికి తరచు ఒకటి రెండు మైకులే తగులుతాయి. బ్లూటూత్ ద్వారా పాట వినవచ్చు గాని వాయించకూడదు. శబ్దం క్షణంలో కొంత భాగం ఆలస్యంగా వస్తుంది. ఆ కాస్త తేడాకే తాళం తప్పుతుంది. వాయించేటప్పుడు తీగ మైకే నమ్మకం.

కరెంటు జాగ్రత్త

వానకాలంలో గణపతి నవరాత్రులు, ఆ తరువాత దేవీ నవరాత్రులు. తడి నేల, తాత్కాలిక తీగలు, ఇనుప మైకు స్టాండు కలిస్తే ప్రాణానికే ముప్పు. మూడు కాళ్ల ప్లగ్గు వాడాలి. ఎర్తు కాలును విరిచి రెండు కాళ్లతో నడపరాదు. మైకు పెదవికి తగిలి 'జివ్వు' మంటే 'ఏం కాదు' అనుకోక వెంటనే సెట్టు ఆపాలి. లీకేజీ కరెంటును పసిగట్టి తెంచే ఆర్.సి.సి.బి. స్విచ్చి ఒకటి పెట్టించుకోవడానికి అయ్యే ఖర్చు మండలి ఖర్చులోనే కలుపుకోవాలి.

కరెంటు పోయినప్పుడు 12 వోల్టుల బ్యాటరీతో నడిచే సెట్లు వున్నాయి. 7 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీలో వున్నది 84 వాట్ అవర్లు. సెట్టు సగటున 20 వాట్లు తింటే లెక్కకు నాలుగు గంటలు వస్తుంది. కాని బ్యాటరీని అడుగంటా వాడితే తొందరగా పాడవుతుంది కనుక రెండు గంటలే నమ్ముకోవాలి.

కొనాలా, అద్దెకు తేవాలా?

ముందుగా ఏడాదిలో ఎన్ని రోజులు సెట్టు కావాలో వేళ్ల మీద లెక్కించాలి. శ్రీరామనవమి, హనుమాన్ జయంతి, గణపతి నవరాత్రులు, దసరా, కార్తీక మాసపు భజనలు, శివరాత్రి, ఊళ్లో పెట్టే సప్తాహం. ఒక రోజు అద్దెను ఆ రోజులతో హెచ్చించాలి. మూడు నాలుగేళ్ల అద్దె కొత్త సెట్టు ధరను దాటితేనే కొనాలి. దాటకపోతే ఆ డబ్బుతో పాత పెట్టెకు రేకులు శ్రుతి చేయించి, తిత్తికి కొత్త తోలు వేయించడం తెలివైన పని. గాలి కారే పెట్టెను, శ్రుతి తప్పిన రేకును ఎంత మంచి సెట్టయినా బాగు చేయలేదు. తప్పును పదింతలు చేసి ఊరికి వినిపిస్తుంది.

కొనాలనుకుంటే దుకాణానికి సొంత పెట్టెను, పాడే మనిషిని వెంట తీసుకుపోవాలి. సినిమా పాట వేసి చూపిస్తే ఒప్పుకోరాదు. పెట్టె వాయిస్తూ పాడించి, ఒకరు ఇరవై అడుగుల దూరాన నిలబడి వినాలి. మాట స్పష్టంగా వినిపిస్తున్నదా? ఎడమవైపు మెట్లు పలుకుతున్నాయా? బిరడా సగం దాటితే గరగర వస్తున్నదా? పాడకుండా వున్నప్పుడు 'గుయ్' మని హమ్ము వుందా? ఈ నాలుగూ చూసి, రసీదు, గ్యారంటీ కాగితం మండలి పేరిట తీసుకోవాలి. తీగలు, స్టాండ్లు, మోసుకుపోయే పెట్టె ఖర్చు మొదటే లెక్కలో వుంచుకోవాలి.

రాత్రి పది దాటితే

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం లౌడ్ స్పీకరు పెట్టడానికి అధికారుల రాతపూర్వక అనుమతి వుండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట వాడరాదు. ఏడాదిలో 15 రోజులకు మించకుండా పండుగల సందర్భంలో రాత్రి 12 దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి వుంది. నివాస ప్రాంతాలకు హద్దు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. ఒకప్పుడు తెల్లవార్లూ సాగిన చిరుతల రామాయణం ఈనాడు ఈ గడియారానికి లోబడి నడవాలి. పరీక్షలకు చదివే పిల్లలు, మంచాన వున్న ముసలివారు గుడి పక్క ఇళ్లలోనూ వుంటారు కనుక హారతి పదిలోపే ముగించడం అందరికీ మంచిది.

మండళ్లు మరో అలవాటు కూడా చేసుకోవచ్చు. ప్రతి శనివారం మొదటి పాటను సెట్టు పెట్టకుండా పాడాలి. ఎవరి గొంతు ఎక్కడ నిలుస్తున్నది, ఏ శ్రుతి అందరికీ అందుతున్నది, పెట్టెలో ఏ రేకు జారింది అన్నది ఆ ఒక్క పాటలో తెలిసిపోతుంది. గురువు ఆ శ్రుతి ఖాయం చేసిన తరువాత బిరడా తిప్పితే, వెనుక వరుస నుంచి "జర పెంచుండ్రి" అనే కేక వచ్చే అవసరం వుండదు.